జెండాను చూడని మనిషి

ఆయన పోయిన మూడో రోజు ఉదయం మా కాలనీ సంఘం కార్యదర్శి మా ఇంటికి వచ్చాడు. ఆదివారం సంతాప సభ పెట్టుకున్నామనీ, అందులో చదవడానికి ఒక పేజీ రాసిమ్మనీ అడిగాడు. నా దస్తూరి బాగుంటుందన్నాడు. ఆయన్ను నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఈ తిరుపతిలో ఎవరూ లేరన్నాడు. రెండూ నిజమే. చిత్తూరులో నీటిపారుదల ఆఫీసులో పద్దెనిమిదేళ్ళు మావి పక్కపక్క సీట్లు. రిటైరయ్యాక ఇక్కడ ఒకే కాలనీలో, నాలుగిళ్ళ ఎడంలో ఇళ్ళు కట్టుకున్నాం.

కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. గొప్ప దేశభక్తుడు అని మొదలుపెట్టాలి. సభకు వచ్చేవాళ్ళు ఎదురుచూసేది ఆ మాట కోసమే. పేరు రాశాను. దాని పక్కన ఆ మాట రాయబోతే, తింటున్న ముద్దలో వెంట్రుక తగిలినట్టయింది. కలం మూసేసి పాత డైరీలు దించాను.

పేరు ఇక్కడ రాయడం లేదు. కొడుకూ కోడలూ మంచివాళ్ళు. వాళ్ళు ఈ ఊళ్ళోనే బతకాలి.

మనిషి పొట్టి. వెన్ను మాత్రం గోడకు ఆనించి నిలబెట్టినట్టు ఉండేది. ఏదైనా ముఖ్యమైన మాట చెప్పబోయే ముందు చొక్కా అంచును రెండు చేతులతో కిందికి లాగి సర్దుకునేవాడు. ఆయన మాటల్లో 'ఎవడో' అనే మాట లేని వాక్యం అరుదు. బోరు మోటారు కాలిపోతే ఎవడో కావాలనే స్విచ్చి వేసిపెట్టినాడు. ఆఫీసులో ఫైలు కనబడకపోతే ఎవడో ఎత్తిపెట్టినాడు. దేశం బాగుపడకపోవడానికి కారణం కూడా ఎవడో ఒకడే. ఆ ఒకడు ఎవడన్నది మాత్రం ఏళ్ళు గడిచేకొద్దీ మారుతూ వచ్చింది.

జాతీయగీతం పాడేటప్పుడు ఆయన జెండాను చూసేవాడు కాదు. కళ్ళు జనం మీద ఉండేవి. పెదవులు గీతం పాడుతుంటే కళ్ళు వరసల వెంట నడిచేవి. పాట అయిపోయాక ఒక్కొక్కరినీ పక్కకు పిలిచేవాడు. కళ్ళద్దాలాయన చెయ్యి కదిలించాడని, మూడో వరసలో లావుపాటామె మధ్యలో పమిట సర్దుకుందని. ఒకసారి ఇద్దరం సినిమాకు వెళ్ళాం. తెర మీద గీతం మొదలైనా మా ముందు వరసలో ఒక ముసలాయన లేవలేదు. ఈయన వంగి ఆయన భుజం పట్టుకుని ఊపాడు. "మోకాళ్ళ నొప్పులప్పా" అన్నాడా ముసలాయన. ఈయన గొంతు తగ్గించకుండానే, "దేశానికి మోకాళ్ళ నొప్పి ఉండాదా?" అన్నాడు. చుట్టుపక్కల వాళ్ళు మెచ్చుకోలుగా చూశారు. ముసలాయన ముందు కుర్చీ పట్టుకుని లేచి, వణుకుతూ నిలబడ్డాడు. నేను చూపు తెర మీదే ఉంచుకున్నాను.

శ్రీహరికోటలో రాకెట్ ఎగరేసే రోజున మా కాలనీ మగవాళ్ళందరూ కమ్యూనిటీ హాలు మేడ మీద హాజరు కావాలి. అది ఆయన పెట్టిన నియమం. తూర్పు దిక్కుకు తిరిగి నిలబడాలి. కబుర్లు చెప్పుకోకూడదు. మేడ మీద బట్టలు ఆరవేసి ఉంటే తీయించేవాడు. తడి చీరల సందులోంచి దేశగౌరవాన్ని చూడకూడదట. ఒక మధ్యాహ్నం అట్లాగే నిలబడి ఉన్నాం. దట్టంగా మబ్బు పట్టింది. చాలాసేపటికి మబ్బుల్లో ఒక తెల్లటి గీత కనిపించింది. ఆయన చొక్కా లాగి సర్దుకుని సెల్యూట్ కొట్టాడు. అందరం చప్పట్లు కొట్టాం. అది రేణిగుంట నుంచి లేచిన విమానం. దాని చప్పుడు కూడా మాకు వినిపిస్తూనే ఉంది. రాకెట్ ఆ రోజు ఎగరనే లేదని సాయంత్రం టీవీలో చెప్పారు. ఆ సంగతి ఆయన ముందు ఎవరమూ ఎత్తలేదు. మబ్బు లేని చోట నిలబడినవాళ్ళకు బాగా కనబడి ఉంటుందని ఆయనే మరుసటి రోజు మాకు సర్దిచెప్పాడు. తలలు ఊపాం.

నాది రికార్డు సెక్షను బుద్ధి. కాగితానికి ఫైలు ఉండాలి, ఫైలుకు అర ఉండాలి. ప్రతి డైరీ చివరి పేజీల్లో ఆ ఏడాది నాకు దగ్గరగా మసలిన మనుషుల పట్టిక రాసుకుంటాను. పేరు పక్కన ఒకటి రెండు మాటలు. ఆయన పేరు పక్కన మొదటి డైరీల్లో 'వామపక్షం' అని ఉంది. నడిమి సంవత్సరాల్లో అది పోయి 'భాషాభిమానం' వచ్చింది. చివరి డైరీల్లో 'కుడి' అని రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. ఆ మూడూ ఒక్కరోజే వరుసగా చదివితే నా మీద నాకే నవ్వొచ్చింది.

నేను ఆఫీసులో చేరిన కొత్తలో ఆయన యూనియన్ నాయకుడు. గేటు మీటింగుల్లో దేశం అనే మాట ఆయన నోట్లో ఎంత బాగుండేదో. ఆనకట్టలు మనవి, బ్యాంకులు మనవి, ఫ్యాక్టరీలు మనవి, వాటిని విదేశీ కంపెనీల చేతిలో పెట్టేవాడు ద్రోహి. ఆ రోజుల్లో ఆ మాట ఎడమ వైపు నుంచే ఎక్కువగా వినిపించేది. నేనూ చేతులు నొప్పి పుట్టేదాకా చప్పట్లు కొట్టాను. ఒకరోజు క్యాంటీన్లో ఎవరో విదేశీ కంపెనీ కూల్‌డ్రింకు తాగుతుంటే సీసా లాక్కుని నేలకేసి కొట్టాడు. "మన నీళ్ళు మనకే అమ్మి ఎవడో బలుస్తాండాడు" అన్నాడు. ఆ మాటలో నిజం ఉంది. గాజు పెంకులు మాత్రం క్యాంటీన్ నడిపే ముసలామె గంటసేపు ఏరింది. ఆమెకు అరికాల్లో ఒకటి గుచ్చుకుంది కూడా. అది ఆయన చూడలేదు.

కొన్నేళ్ళకు దేశం కాస్త చిన్నదై తెలుగు నేల అయింది. అప్పుడు ఎవడో అంటే అరవవాడు. ఒక ఆదివారం నన్ను బస్సెక్కించి నగరికి తీసుకుపోయాడు. అంగళ్ళ బోర్డుల మీద తమిళ అక్షరాలు చెరిపేయాలట. తారు డబ్బా నేను పట్టుకున్నాను. ఒక బట్టల అంగడి యజమాని బయటికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఇంట్లో మాట్లాడేది తెలుగే అప్పా. కొనను వచ్చేవాళ్ళు ఆ పక్కవాళ్ళు" అన్నాడు. ఈయన వినిపించుకోకుండా కుంచె ముంచి రెండు వరసలూ పూసేశాడు. ఆవేశంలో తెలుగు అక్షరాల మీదికి కూడా తారు కారింది. తిరుగు బస్సులో ఆయన ఎంతో ఉల్లాసంగా ఉన్నాడు. నా చేతుల తారు పోవడానికి రెండు రోజులు కిరసనాయిలు పూసుకున్నాను.

రిటైరై తిరుపతి చేరేసరికి దేశం మళ్ళీ పెద్దదైంది. ఈసారి ఆనకట్టల ఊసు లేదు, బ్యాంకుల ఊసు లేదు. జెండా, గీతం, సరిహద్దు. ఎవడో ఎవడైనా కావచ్చు. ఒకసారి పార్కులో మాతో నడిచే రిటైర్డ్ లెక్చరరు ఒకాయన, ఇప్పుడు ఈయన మాట్లాడేదంతా కుడి పక్షం రాజకీయమని మెల్లగా వివరించబోయాడు. ఈయన చొక్కా సర్దుకున్నాడు.

"ఎడమేంది, కుడేంది సార్? లేసి నిలబడేవాడు, నిలబడనోడు. నా లెక్కలో రెండే."

ఆ మాట ఆ రోజు నాకు గొప్పగా తోచి రాసిపెట్టుకున్నాను. ఇప్పుడు చదువుకుంటే ఆయన గురించి ఆయనే చెప్పిన ఒకే ఒక్క నిజంలా కనిపిస్తోంది. నలభై ఏళ్ళలో ఆయన ఒక వైపు నుంచి ఇంకో వైపుకు మారాడని నేను అరలు మార్చుకుంటూ వచ్చాను. ఆయన మారనే లేదు. సీసా పగలగొట్టిన చెయ్యి, తారు పూసిన చెయ్యి, ముసలాయన భుజం ఊపిన చెయ్యి ఒక్కటే. దేశాభిమానానికి ఎడమ బెంచీ, కుడి బెంచీ అని పట్టింపు ఉండదు. పక్కవాణ్ణి తోసేసే వీలున్న ఏ బెంచీ మీదైనా అది హాయిగా కూర్చుంటుంది. అందరి దేశాభిమానమూ అట్లాంటిదే అనను. మా నాయన బతికినంతకాలం ఖద్దరే కట్టాడు. పక్కింటాయన ఏం కట్టాడో ఒక్కరోజు కూడా తొంగి చూడలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆయన గుట్టు ఒకటి నాకు తెలుసు.

మా ఆఫీసులో ఆకుపచ్చ సిరా అధికారులదే. గుమాస్తాలు దాన్ని ముట్టకూడదు. మేము గీతలు కొట్టేది ఎర్ర సిరాతో. ఒకసారి ఆయన పై ఆఫీసుకు పోయే నోటు నిండా ఆకుపచ్చ గీతలు కొట్టి పంపాడు. మెమో వచ్చింది. ఎవడో సీసాలు మార్చేశాడని సంజాయిషీ రాసుకున్నాడు. ఆ సాయంత్రం బస్టాండు పక్కన టీ తాగుతూ, ఎటో చూస్తూ చెప్పాడు. పద్దెనిమిదేళ్ళ వయసులో ఆయన పటాలంలో చేరడానికి పోయాడు. పరుగులో మొదటివాడు. ఛాతీ కొలత సరిపోయింది. చివర్లో డాక్టరు ఒక పుస్తకం తెరిచి చూపించాడు.

"పేజీ నిండా రంగు సుక్కలు. వాటిల్లో నెంబరు ఉండాదంట. చెప్పమన్యారు. నాకు సుక్కలే కనపడె. వెనకాలోళ్ళంతా టకటకా చెప్తాండారు. నాకు సుక్కలేనప్పా."

ఎరుపూ ఆకుపచ్చా ఆయన కళ్ళకు ఒక్కటే. ఎవరికీ చెప్పొద్దని నా చెయ్యి పట్టుకున్నాడు. చెప్పనన్నాను. ఆయన మీద నాకు జాలి కలిగింది ఆ ఒక్క సాయంత్రమే. ఆ తర్వాత కూడా చాలాసార్లు ఆ సాయంత్రాన్ని గుర్తుచేసుకుని ఆయన్ను క్షమిస్తూ వచ్చాను. అది తప్పని ఇప్పుడు అనుకుంటున్నాను. ఒక మనిషికి తగిలిన దెబ్బ తెలిసినంత మాత్రాన అతను ఇంకొకరిని కొడుతుంటే ఊరుకోవాల్సిన పని లేదు.

కాలనీలో జెండా కట్టే హక్కు ఆయనది. పంద్రాగస్టుకూ, జనవరి ఇరవై ఆరుకూ తెల్లారకముందే హాలు ముందుకు వచ్చేవాడు. బల్ల మీద జెండా పరిచి, నేను తుంచి ఇచ్చిన బంతిపూల రేకులు అందులో పోసి, మడతపెట్టి, తాడుతో జారుముడి వేసేవాడు. ఆ చుట్టను స్తంభం పైదాకా లాగి ఉంచుతారు. ఎనిమిది గంటలకు తాడు ఒక్క గుంజు గుంజితే ముడి జారి, పూలు రాలి, జెండా విచ్చుకుంటుంది. ముడి ఇంకెవరికీ అప్పగించేవాడు కాదు. కట్టే ముందు బొటనవేలితో జెండా అంచు తడిమేవాడు. కాషాయం వైపు మూలలో ఒక నల్ల దారం ముడి ఉండేది. చూసేవాళ్ళకు కుట్టు దారంలాగే కనిపిస్తుంది. అది ఆయన భార్య కుట్టిపెట్టిన గుర్తు. ఆమె నెమ్మదైన మనిషి. ఆ గుర్తు గురించి నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఇద్దరికీ తెలుసు.

ఆమె పోయిన మరుసటి పంద్రాగస్టుకు కాలనీలో ఒకాయన కొత్త ఖద్దరు జెండా తెచ్చిచ్చాడు. పాతది వెలిసిపోయింది.

ఏకాంబరం గురించి ఇక్కడ చెప్పాలి. నగరి వైపు నేతగాడు. మగ్గం పోయింది. మా కాలనీలో నీళ్ళు వదిలే పనికి కుదిరి, హాలు పక్కనున్న పంపు గదిలోనే భార్యతో కాపురం ఉండేవాడు. తెలుగు, తమిళం రెండూ ఒకే వాక్యంలో వచ్చేవి. వాల్వులు తిప్పడం, ట్యాంకు కడగడం, పండగలకు కుర్చీలు వేయడం అతని పని. ఆ పంద్రాగస్టు ఉదయం తాడూ, ఎక్కే స్టూలూ తెచ్చి బల్ల దగ్గర పెట్టాడు. జెండా కిందికి జారుతుంటే పట్టుకోబోయాడు. "ఆ గ్రీజు చేతులతో ముట్టొద్దురా. దూరంగా నిలబడుకో" అన్నాడు ఆయన. ఏకాంబరం నాలుగడుగులు వెనక్కి పోయి నిలబడ్డాడు.

వెలుగు ఇంకా సరిగ్గా రాలేదు. నేను రేకులు తుంచుతున్నాను. ఆయన బొటనవేలు జెండా అంచు వెంట పోయింది. మూలకు చేరింది, తిరిగి వచ్చింది. ఇంకో అంచు వెంట పోయింది. మళ్ళీ వచ్చింది. ఒక్క క్షణం తలెత్తి నా వైపు చూశాడు. ఇటువైపు అని ఒక్క మాట చాలు. ఏకాంబరం ఉన్నాడు కదా, అతని ముందు ఎట్లా అని రేకుల మీదికి తల వంచుకున్నాను. ఆయన కట్టేశాడు.

ఎనిమిది గంటలకు కాలనీ అంతా వచ్చింది. ఆయనే తాడు గుంజాడు. పూలు రాలాయి. ఆకుపచ్చ పైకి, కాషాయం కిందికి, జెండా తలకిందులుగా విచ్చుకుంది. ఆయన సెల్యూట్ కొట్టి, జనం వైపు తిరిగి, గీతం ఎత్తుకున్నాడు.

 అందరూ చూశారు. ఒకరినొకరు కంటికొసల్లోంచి చూసుకున్నారు. ఎవరూ కదల్లేదు. గీతం నడుస్తున్నప్పుడు కదలకూడదని పదిహేనేళ్ళుగా మాకు నేర్పింది ఆయనే. తలకిందుల జెండా కింద రెండు వందల మంది నిటారుగా నిలబడి, చివరి జయహే దాకా పాడాం. ఆయన కళ్ళు ఎప్పటిలాగే వరసల వెంట నడుస్తున్నాయి. ఆ రోజు అందరూ బాగా నిలబడ్డారని ఆయన ముఖంలో సంతృప్తి కూడా కనిపించింది.

పాట అయ్యాక కార్యదర్శి చెవిలో చెప్పాడు. ఆయన తలెత్తి చాలాసేపు జెండాను చూశాడు. అంతసేపు జెండాను చూడడం నేను ఎరిగినంతలో అదే మొదటిసారి. ఏ రంగు పైనుందో ఆయనకు తెలియడం లేదని నాకు అర్థమైంది. ముఖంలో నెత్తురు దిగిపోయింది. పటాలం డాక్టరు ముందు నిలబడిన కుర్రవాడి ముఖం అట్లాగే ఉండి ఉంటుంది. తర్వాత చొక్కా అంచు కిందికి లాగాడు.

"ఎవడో కావాలనే చేసినాడు" అన్నాడు. ఆయన చూపు వరసలు దాటి, చివర కుర్చీల దగ్గర నిలబడిన ఏకాంబరం మీద ఆగింది. "తాడు తెచ్చింది ఎవడు? వాడే."

ముడి వేసేది ఆయనేనని తెలిసినవాళ్ళకు కూడా అంతే చాలింది. తాడు గుంజేటప్పుడు ఎవరో ఫోనులో తీసిన వీడియో, అరవవాడు మన జెండాను అవమానించాడన్న మాటతో కాలనీ గ్రూపులోకి, అక్కడి నుంచి ఊరంతటికీ పోయింది. మధ్యాహ్నం లోపల పోలీసులు వచ్చి ఏకాంబరాన్ని తీసుకుపోయారు. సాయంత్రం నాలుగింటికి హాలులో మీటింగు పెట్టారు. అతను తప్పు ఒప్పుకుని క్షమాపణ పత్రం రాసిస్తే కేసు లేకుండా చూస్తామనీ, పంపు గది ఖాళీ చేసి పోవాలనీ తీర్మానించారు. అతణ్ణి స్టేషను నుంచి తెచ్చి ఒక మూల కూర్చోబెట్టారు. భార్య గుమ్మం బయట నిలబడింది. పత్రం ఎవరు రాయాలన్న ప్రశ్న వచ్చింది.

నా దస్తూరి బాగుంటుందని చెప్పాను కదా.

నేనే రాశాను. జాతీయ జెండాను నిర్లక్ష్యంగా తలకిందులుగా కట్టినందుకు చింతిస్తున్నానని, కొట్టివేతలు లేకుండా, పేజీకి ఎడమ పక్క అంచు వదిలి, గుండ్రటి అక్షరాలతో రాశాను. కేసు తప్పుతుంది, అతనికే మేలు అని నాకు నేను చెప్పుకున్నాను. ఇచ్చిన మాట తప్పకూడదని కూడా చెప్పుకున్నాను. ఏకాంబరం కాగితం చేతిలోకి తీసుకుని, "ఎవురు రాసింది?" అని అడిగాడు. నేనని కార్యదర్శి చెప్పాడు. అతను నా వైపు చూసి, చదవకుండానే సంతకం పెట్టాడు. ఆయన మాత్రం ముందు వరసలో వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చున్నాడు. అయిపోయాక నా భుజం తట్టి, "దేశానికి సేవ చేసినావప్పా" అన్నాడు. ఆ చెయ్యి తీసేయాలనిపించింది. తీయలేదు.

ఆ తర్వాత ఆయన నాలుగేళ్ళు బతికాడు. మేము రోజూ పార్కులో కలిసి నడిచాం. ఏకాంబరం పేరు ఇద్దరి నోటా రాలేదు. జెండా కట్టే పని చూపు మందగించిందని చెప్పి కార్యదర్శికి అప్పగించాడు. వరసలు చూసే పని మాత్రం మానలేదు.

ఆదివారం సంతాప సభలో నేను చదివిన పేజీలో గొప్ప దేశభక్తుడన్న మాట లేదు. ఆయన కళ్ళ సంగతీ, ఆ పంద్రాగస్టు ఉదయం బల్ల దగ్గర నేను చూసిందీ ఉన్నదున్నట్టు రాసి చదివాను.  కార్యదర్శి మర్యాదగా నా చేతిలోంచి మైకు తీసుకుని, ఇప్పుడు జాతీయగీతం అన్నాడు. అందరూ లేచారు. నేనూ లేచి, చేతులు రెండూ పక్కలకు ఆనించి, నిటారుగా నిలబడ్డాను. బయటికి వస్తుంటే ఆయన కొడుకు ఎదురుపడి, "నాయనకు రంగులు తెలీవని మాకెప్పుడూ చెప్పలేదు సార్" అన్నాడు. అతని గొంతులో కోపం లేదు. మిగిలినవాళ్ళు కాలనీ గుట్టు బజారున వేశానని గుసగుసలాడుకున్నారు.

సోమవారం బస్సులో నగరికి పోయాను. తప్పు ఏకాంబరానిది కాదని రాసి, సంతకం పెట్టిన కాగితం ఒకటి, రుజువుగా ఆ ఏడాది డైరీ, రెండూ సంచిలో పెట్టుకున్నాను. వీధంతా మరమగ్గాల చప్పుడు. ఏకాంబరం గుమ్మం దగ్గర కూర్చుని ఎవరి మగ్గానికో నూలు కండెలు చుడుతున్నాడు. నన్ను చూసి లేచి చాప వేశాడు. భార్య మజ్జిగ తెచ్చిచ్చి లోపలికి పోయింది. ఆయన పోయిన సంగతి చెప్పాను.

"తెలిసింది సామీ. కష్టపడకండానే పోయినాడా?" అని అడిగాడు. అవునన్నాను.

ఈ నాలుగేళ్ళ సంగతి నేను అడిగితేనే చెప్పాడు. ఇక్కడి బడిలో అటెండరు పని ఖాయమైంది. చేరబోయే రోజున వాళ్ళు ఎవరి ఫోనులోనో వీడియో చూశారు. దాని కిందే క్షమాపణ పత్రం ఫోటో. నువ్వే ఒప్పుకున్నావు కదా అన్నారు. రెండో చోటా అంతే. "కాయితం ఉండాది కదా సామీ. నోటి మాటతో ఏం చేసేది?"

నేను తెచ్చిన కాగితం ఇచ్చాను. బడికి కూడా నేనే వచ్చి చెబుతానన్నాను. అతను వేలు పెట్టి ఒక్కొక్క వాక్యమే చదివాడు. ఆ తర్వాత డైరీ తెరిచి, ఆ రోజు పేజీ నేనే వినిపించాను. ఆయన కళ్ళకు రంగులు తెలియవని, బొటనవేలు రెండు అంచులూ తడిమిందని, ఏకాంబరం నాలుగడుగుల దూరంలో ఉన్నాడని, జెండాను ముట్టలేదని అందులో ఉంది. పేజీ పైన టైము రాయడం నా అలవాటు.

"ఇది ఎప్పుడు రాసినారు?"

"ఆ రోజే. పొద్దున పదకొండింటికి."

"మీటింగు సాయంత్రం నాలుగింటికి కదా" అన్నాడు.

నేను డైరీ మూశాను. అతను కండె పక్కన పెట్టి, కాగితాన్ని మడతల వెంటే మడిచి చేతిలో పట్టుకున్నాడు. నా వైపు చూడకుండానే చెప్పాడు.

"ఆయన కండ్ల సంగతి నాకు అంతకుముందే తెలుసు సామీ. నూలు రంగులు సూసి బతికినోణ్ణి. వాల్వు సక్రాల్లో ఎర్రది ఏది, ఆకుపచ్చది ఏదో ఆయన ఎప్పుడూ తప్పే సెప్పేది. సెప్తే నా మాట ఎవురు నమ్మేది? మీకు తెలిసుంటే మీరు సెప్పుంటారు, తెలీకనే రాసినారు అనుకొని సంతకం పెట్టినా."